పళ్ళెంతో సహా నాలుగు వందల గ్రాములు

"నేటి నుంచి ఈ దేశంలో ఆకలీ ఉండదు, అజీర్తీ ఉండదు!" అని ప్రకటించారు ఆహార శాఖ మంత్రిగారు.

విలేఖరులు గబగబా రాసుకున్నారు. వాళ్ళలో ఒకాయన మాత్రం చెయ్యెత్తి, "రెండూ ఒకేసారి ఎలా పోతాయండీ?" అని అడిగాడు. అలాంటివాళ్ళు ప్రతిచోటా ఒకరుంటారు. మంత్రిగారు బల్ల కింద నుంచి వంటింటి కాటా ఒకటి తీసి, రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. కెమెరాలన్నీ టపటపా మెరిశాయి. ప్రశ్న అడిగినాయన కూడా ప్రశ్న మర్చిపోయి ఫోటో తీసుకున్నాడు. నాయకత్వమంటే అదీ!

బల్ల కింద కూర్చుని ఆ కాటాని ఆయన చేతికి అందించింది నేనే. నేను మంత్రిగారి బావమరిదిని. ఈ సంగతి ఎక్కడా చెప్పుకునే అలవాటు నాకు లేదు. కారు మీద మాత్రం రాయించాను, అదీ ముందొకసారి, వెనకొకసారి.

పథకం ఎలా పుట్టిందో పేపర్లలో రకరకాలుగా రాశారు. విదేశీ నిపుణులట, అధ్యయనమట! అదంతా ఉత్తిదే. ఆ మహత్తర ఆలోచన పుట్టింది మా అక్క భోజనాల బల్ల దగ్గర. గుండె డాక్టరు బావగారిని పరీక్ష చేసి, "ఇకమీదట తూచుకుని తినండి. లేకపోతే నా పూచీ లేదు" అన్నాడు. మా అక్క మొండి మనిషి. వస్తూ వస్తూ దారిలోనే కాటా కొనుక్కొచ్చింది. దాని మీద ఖాళీ గిన్నె పెట్టింది, బొత్తాం నొక్కి సున్నా చేసింది, గిన్నెలో కాస్త అన్నం, కాస్త కూర వేసి బావగారి ముందుకు తోసింది.

బావగారు గిన్నెలోకి తొంగి చూశారు. "ఉప్పు సరిపోయిందో లేదో చూడమంటావా?"

"కాదు, తినమంటున్నా."

"మరి భోజనం?"

"అదే భోజనం."

బావగారు మొదటి ఎన్నికలో ఓడిపోయినప్పుడు కూడా అంత దిగాలుగా కూర్చోలేదు. గిన్నెని పక్కకి జరిపి, నా వైపు తిరిగారు. "ఏమోయ్, ప్రజలంతా ఇష్టమొచ్చినంత తింటుంటే, వాళ్ళు ఎన్నుకున్న నేనొక్కణ్ణీ ఇలా తూచుకుని తినడం ప్రజాస్వామ్యమేనా?"

"కానే కాదు బావగారూ."

"ప్రజల కంటే నేను ముందు నడవకూడదు. ముందు వాళ్ళు తూచుకోవాలి. వాళ్ళ వెనకే నేను."

మర్నాడే ఆ కాటాని జాతికి అంకితం చేసేశారు. అక్క వచ్చి "నా కాటా ఏదండీ?" అంటే, "అది జాతి ఆస్తి. నీదీ నాదీ అనకు" అన్నారు. ఇక ఇంట్లో కాటా లేదు కనక, బావగారు మళ్ళీ మామూలుగానే తినడం మొదలుపెట్టారు. కాకపోతే తింటున్నంతసేపూ జాతి గురించి ఆలోచించేవారు. అది నేను కళ్ళారా చూశాను.

పథకం పేరు "సమ తూకం". ప్రభుత్వ ఆసుపత్రులు, హాస్టళ్ళు, ఆఫీసు క్యాంటీన్లు, ఎక్కడైనా సరే మనిషికి పూటకి నాలుగు వందల గ్రాములు వడ్డించాలి. ఒక్క గ్రాము తగ్గకూడదు, తగ్గితే ఆకలి. ఒక్క గ్రాము పెరగకూడదు, పెరిగితే అజీర్తి. ఆ ప్రశ్నల విలేఖరికి ఇప్పుడైనా బుర్రకెక్కి ఉంటుంది.

విధివిధానాల మీటింగులో నేనూ ఉన్నాను. ఏ హోదాలో అని ఎవరూ అడగలేదు, అదీ నాకిచ్చే గౌరవం. అంతా సాఫీగా జరిగిపోతుండగా ఒక కుర్ర ఆఫీసరు లేచి, "సార్, ఈ నాలుగు వందలు పళ్ళెంతోనా, పళ్ళెం లేకుండానా?" అన్నాడు.

అందరూ ఫైళ్ళలోకి తలలు దూర్చారు. కుర్రాడే మళ్ళీ బల్ల మీది కాటా చూపిస్తూ, "ఖాళీ పళ్ళెం పెట్టి ఈ బొత్తాం నొక్కితే సున్నా అయిపోతుంది సార్. అప్పుడు వడ్డిస్తే తిండి బరువొక్కటే చూపిస్తుంది" అన్నాడు, ఏదో కొత్తగా కనిపెట్టినట్టు.

శాఖ సెక్రటరీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఎవరికో మూడిందన్నమాట. "అంటే, పళ్ళెం బరువు తీసేస్తున్నాం."

"అవును సార్."

"తీసివేత ఎవరి అధికారం?"

కుర్రాడు రూల్సు పుస్తకం తిరగెయ్యడం మొదలుపెట్టాడు.

"కూడిక మన శాఖది. తీసివేత ఆర్థిక శాఖది. ఒక వంటవాడు మూడు పూటలా గరిటె పట్టుకుని ఆర్థిక శాఖ అధికారాలు చెలాయిస్తానంటే వాళ్ళు ఊరుకుంటారా?"

నిజమే కదా! నాకు తట్టనే లేదు. అయినా పద్ధతి ప్రకారం ఫైలు ఆర్థిక శాఖకి పంపారు. "మీ శాఖలో తీసివేత అవసరమని మేమూ అనుకుంటున్నాం. మీ బడ్జెట్‌తో మొదలుపెడతాం" అని వాళ్ళు రాశారు. ఫైలు పరుగున వెనక్కి వచ్చేసింది. పథకం ఉత్తర్వులో "పళ్ళెంతో సహా నాలుగు వందల గ్రాములు" అని ఎక్కింది.

తర్వాత ఫోటో సంగతి. పథకమన్నాక దాని మీద మంత్రిగారి ఫోటో ఉండాలి కదా. కాటా మీద అతికిద్దామంటే పైనంతా పళ్ళెం కప్పేస్తుంది. అంకెలు కనిపించేచోట అతికిస్తే అంకెలు కనిపించవు. వెతగ్గా వెతగ్గా ఖాళీగా కనిపించింది ఆ సున్నా బొత్తాం ఒక్కటే. సరిగ్గా దాని మీద బావగారు నవ్వుతూ అమరారు. ఇక కాటాని సున్నా చేయాలంటే బావగారి ముక్కు మీద వేలు పెట్టి నొక్కాలి.

ఒక హాస్టల్ వంటాయన నొక్కాడు కూడా. పొగరు! "ప్రజాప్రతినిధి ముఖమును బొటనవేలితో అణచివేసినందుకు" అని రాసి సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. ఆ తర్వాత దేశంలో ఇంకెవరూ నొక్కలేదు.

ఇక పళ్ళేలు. అన్నిచోట్లా ఒకే రకం పళ్ళెం ఉండాలని నిర్ణయించారు. నాకు స్టీలు పళ్ళేల ఫ్యాక్టరీ ఉందన్న విషయం అప్పటిదాకా నాకే తెలియదు. బావగారు చెప్పాక తెలిసింది. ఫ్యాక్టరీ ఉన్నాక చేయకుండా ఎలా ఊరుకుంటాం?

మొదట చేసిన పళ్ళెం పలచగా, సాదాగా ఉండేది. ప్రభుత్వం వారి పళ్ళెం ఇంత తేలిగ్గా ఉంటే ప్రభుత్వాన్నే తేలిగ్గా తీసుకుంటారని సెక్రటరీగారు అభ్యంతరం చెప్పారు. సరేనని మందం పెంచాను. తర్వాత అంచు చుట్టూ పథకం నినాదం పోత పోయించమన్నారు. పోయించాను. ఆ తర్వాత, తిన్నవాడికి పెట్టినవాడు గుర్తుండాలి కదా అని, అడుగున బావగారి ముఖం ఉబ్బెత్తుగా వేయించాను. ఇది మాత్రం నా సొంత ఆలోచన. బావగారి ముఖం ఎంత నిండుగా ఉంటుందో పేపర్లో చూసే ఉంటారు, దానికి చాలా స్టీలు పట్టింది. అన్నీ అయ్యేసరికి ఖాళీ పళ్ళెం మూడు వందల యాభై గ్రాములు తూగింది.

మిగిలిన యాభై తిండి. దీని మీద ప్రతిపక్షం వాళ్ళు చేసిన అల్లరి ఇంతా అంతా కాదు. పళ్ళేలు ప్రజల తిండి తింటున్నాయట! నాకు ఒళ్ళు మండిపోయింది. స్టీలు ఎక్కడైనా అన్నం తింటుందా? చదువుకున్నవాళ్ళు అనాల్సిన మాటేనా అది? ఇందులో ఎవరూ చూడని మంచి ఒకటుంది. పళ్ళెం నిండా వడ్డించి ఉంటే అన్నమంతా తింటేగాని మంత్రిగారి దర్శనం అయ్యేది కాదు. ఇప్పుడు రెండు ముద్దలకే అయిపోతోంది.

దేశమంతటి నుంచీ రిపోర్టులు వచ్చాయి. ఎక్కడ చూసినా నాలుగు వందలే. ఇంత కచ్చితంగా అమలైన పథకం ఇంకోటి లేదని సెక్రటరీగారు చెమ్మగిల్లిన కళ్ళతో చెప్పారు.

ఇలా ఉండగా మా అత్తయ్యగారికి, అంటే బావగారి కన్నతల్లికి, మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. మంచం దిగలేకపోతోంది. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. ఒకప్పుడు ఒంటిచేత్తో ఇల్లంతా నడిపిన మనిషి, అక్క భుజం మీద వాలి వెళ్తూ సిగ్గుతో కళ్ళు మూసుకునేది. "నాకు స్వర్గాలూ వద్దు, సన్మానాలూ వద్దర్రా. నా కాళ్ళ మీద నేను బాత్రూమ్‌కి వెళ్ళొస్తే చాలు" అనేది.

బావగారు క్షణం ఆలోచించలేదు. పేపరు వాళ్ళకి కబురు పెట్టారు. వాళ్ళు వచ్చాక అమ్మని తనే స్వయంగా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తోసుకుంటూ తీసుకెళ్ళి, ప్రభుత్వ ఆసుపత్రి జనరల్ వార్డులో చేర్పించారు. "మంత్రి తల్లికీ అదే మంచం, అదే భోజనం" అని మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. ఫోటోలో నా మోచెయ్యి కూడా పడింది.

ఎముకల పెద్ద డాక్టరు ఆవిడని చూశాడు. మంచోడే గాని నోటి దురుసు. "ఆపరేషన్ చేస్తే హాయిగా నడుస్తారు పెద్దమ్మా. కాకపోతే మరీ బలహీనంగా ఉన్నారు. నలభై రెండు కిలోలున్నారు, నలభై అయిదు చేయండి, చేసేస్తా. బాగా తినండి, అంతే" అన్నాడు.

"అదెంత పని!" అని అత్తయ్యగారు సంబరపడిపోయింది.

మధ్యాహ్నం వంటాయన బండి తోసుకుంటూ వచ్చాడు. కాటా మీద పళ్ళెం పెట్టాడు, మూడు వందల యాభై చూపించింది. గరిటెతో ఒక్క విదిలింపు అన్నం, ఒక చుక్క కూర. నాలుగు వందలు. పళ్ళెం అత్తయ్యగారి ఒళ్ళో పెట్టాడు.

"మిగతాది ఎప్పుడు తెస్తావు నాయనా?"

"అంతేనమ్మా. కాటా ఒప్పుకోదు."

"ఒప్పుకోకపోతే దాన్ని పస్తుండమను. నాకు పెట్టు."

వంటాయన దణ్ణం పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. అత్తయ్యగారు రెండు ముద్దలు తినేసరికి అడుగు కనిపించింది. కళ్ళు చికిలించి చూసి, "ఓరి వీడి దుంపతెగ! చిన్నప్పుడంతా నా కంచంలోదే లాక్కుని తిన్నాడు. ఇంకా కంచంలోనే కూర్చున్నాడా!" అంది. వార్డంతా ఘొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. పళ్ళెంలో పోలిక బాగా వచ్చినందుకు లోలోపల పొంగిపోయాను.

వారం వారం ఆవిడని ఎత్తి కాటా మీద కూర్చోబెట్టి తూచారు. ఆవిడ పెరగలేదు సరిగదా, తగ్గడం మొదలుపెట్టింది. అక్క ఉండబట్టలేక ఇంట్లో అన్నం, రెండు ఉడికిన గుడ్లు, అరటిపండు డబ్బాలో సర్దుకుని బయల్దేరింది. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"తూకం లేని తిండి లోపలికి పోనివ్వకూడదమ్మా."

"నేను మంత్రిగారి భార్యని."

"తెలుసమ్మా. అందుకే లేచి నిలబడి చెప్తున్నా."

వాడు కాటా తెచ్చి తూచాడు. నాలుగు వందలకి మించినదంతా బయట పెట్టాలన్నాడు. గుడ్లు తీశారు, పండు తీశారు, అన్నం తీశారు, అయినా దిగలేదు. మా అక్క డబ్బా గట్టిది, నా ఫ్యాక్టరీదే. చివరికి దాని మూతా, చెంచా లోపలికి వెళ్ళాయి.

ఆ పూట అక్క ఇంటికొచ్చి బావగారిని కడిగేసింది. "మీ అమ్మగారు చిక్కి శల్యమైపోతున్నారండీ. ఒక్క మాట చెప్పండి, ఆవిడకొక్కరికి ఇంటి భోజనం పంపుకుంటా."

బావగారు తింటున్న కోడి తొడ అలాగే పట్టుకుని ఆగిపోయారు. "నా తల్లికో రూలు, ప్రజల తల్లులకో రూలా? అంత పాపం నా చేత చేయించకు" అన్నారు. ఎంత మాట! ఎంగిలి చేత్తోనే ఫోను తీసి ఆ మాట పేపరు వాళ్ళకి చెప్పేశాను. అక్క నా వంక చూసిన చూపు మాత్రం నాకు నచ్చలేదు.

"నువ్వైనా పళ్ళేలు కాస్త పలచగా చెయ్యరా" అంది.

"బాగుందక్కా. పళ్ళెం పలచనైతే అందులో ఉన్న బావగారు పలచనైపోరూ?"

అక్క లేచి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళకి రాజకీయాలు పట్టవు.

ఈలోగా ఆ పెద్ద డాక్టరు ఊరుకోకుండా మంత్రిగారి ఆఫీసుకే వచ్చేశాడు. "మీ అమ్మగారు ముప్పై తొమ్మిదికి వచ్చారు. ఆవిడకి కావాల్సింది అన్నం. స్టీలు కాదు" అని మొహం మీదే అన్నాడు. బావగారు శాంతంగా విన్నారు. ఇంత నిక్కచ్చి మనిషి సేవలు దేశానికి ఇంకా పెద్ద ఎత్తున అవసరమని, సముద్రం మధ్యనున్న లైట్‌హౌస్‌కి బదిలీ చేశారు. అక్కడ దీపం చూసుకునే ముసలాయన ఒక్కడే ఉంటాడు. ఆయనకి ఏ జబ్బూ లేదని విన్నాను.

పెద్ద డాక్టరు స్థానంలో చిన్న డాక్టరు వచ్చాడు. బుద్ధిమంతుడు. మనిషిని చూసి తొందరపడే రకం కాదు, ముందు ఫైలు చూస్తాడు. సెక్రటరీగారికి అతనంటే ఒకటే మురిపెం.

పథకం విజయోత్సవం ఆ వార్డులోనే పెట్టారు. గోడలకి సున్నం, మంచాలకి కొత్త దుప్పట్లు, తలుపులకి రంగు కాగితాలు. రోగులకి మాత్రం కొత్తగా ఏమీ చేయలేదు, వాళ్ళు ఎలా ఉన్నారో అలాగే ఉంచారు. బావగారు వచ్చారు, ఆయన వెనక సెక్రటరీగారు, ఆయన వెనక నేను, మా వెనక మైకులు. అందరి ముందూ అత్తయ్యగారిని తూచి, ఆపరేషన్ తేదీ ప్రకటించాలని కార్యక్రమం. అత్తయ్యగారు పొద్దున్నే తల దువ్వించుకుని ఎదురుచూస్తోంది.

ఆవిడ నిలబడలేదు కదా, చక్రాల కుర్చీతోనే పెద్ద కాటా మీదికి ఎక్కించారు. అంకెలు గిరగిరా తిరిగి ఆగాయి. అరవై ఒకటి.

నర్సు ఒకావిడ మెల్లిగా, "కుర్చీ బరువు తీసెయ్యాలి కదండీ..." అంది.

"తీసెయ్యాలా?" అన్నారు సెక్రటరీగారు, చెయ్యి కళ్ళజోడు మీదికి పోనిస్తూ.

నర్సు చీటీ మీద అరవై ఒకటి అని రాసేసింది.

"ముప్పై తొమ్మిది నుంచి అరవై ఒకటి!" అని బావగారు మైకులో గర్జించారు. "విమర్శించేవాళ్ళు కళ్ళు తెరిచి చూడండి! నా పథకం నా తల్లిని ఎలా నిలబెట్టిందో చూడండి!" చప్పట్లు మారుమోగిపోయాయి. అత్తయ్యగారు కుర్చీలో కూర్చునే దణ్ణం పెట్టింది.

చప్పట్లు ఆగాక ఆవిడ చిన్న డాక్టరు చెయ్యి పట్టుకుంది. "అయితే బాబూ, ఇక నడుస్తానా?"

చిన్న డాక్టరు ఫైలు తిరగేశాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. "ఈ ఎత్తుకి అరవై ఒకటి చాలా ఎక్కువమ్మా. మోకాళ్ళ మీద భారం పడుతుంది. ఇంత లావు మీద ఆపరేషన్ చేయకూడదు. ముందు తగ్గాలి."

"లావా? నేనా? ఇటు చూడు నాయనా!" అని ఆవిడ చెయ్యి పైకెత్తింది. మణికట్టు దగ్గరి గాజు జర్రున జారి మోచేతి దగ్గర ఆగింది.

"కంటికి కిలోలు కనిపించవమ్మా" అన్నాడు చిన్న డాక్టరు, నిజంగానే బాధపడుతూ. ఫైల్లో రాశాడు: ఇవాళ్టి నుంచి సగం భోజనం.

అంతలో భోజనాల బండి రానే వచ్చింది. వంటాయన కాగితం చదువుకున్నాడు. సగమంటే రెండు వందల గ్రాములు, పళ్ళెంతో సహా. ఖాళీ పళ్ళెం కాటా మీద పెట్టాడు. మూడు వందల యాభై. గరిటె గాల్లోనే ఆగిపోయింది. వంటాయన కాటా కేసి చూశాడు, సెక్రటరీగారి కేసి చూశాడు, అత్తయ్యగారి కేసి చూడలేదు. "ఇవాళ్టికి ఇప్పటికే మీకు ఎక్కువైందమ్మా" అని నెమ్మదిగా చెప్పి, ఖాళీ పళ్ళెం తిరిగి బండిలో పెట్టుకుని పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

ఆవిడ నోటి సంగతి నాకు తెలుసు. చుట్టూ మైకులు. ఆవిడ ఆ బండి పోయిన వైపు చూసి, కొడుకుని దగ్గరికి రమ్మని చెయ్యూపింది. బావగారు వంగారు. మైకులూ వంగాయి.

"ఒరేయ్ చిట్టీ, భోజనాల వేళ దాటిపోతోంది. నువ్వేమైనా తిన్నావురా?"

"ఇంకా లేదమ్మా" అన్నారు బావగారు పొట్ట నిమురుకుంటూ. "కింద ఏర్పాటు చేశారు."

"వెళ్ళు మరి. చల్లారిపోతుంది" అందావిడ.

అందరం కిందికి దిగాం. అక్కడి పళ్ళేలు కూడా నావే. అతిథులకి చెయ్యి నొప్పెడుతుందని కాగితంతో చేయించాను.